కాలేయానికి మొక్కల రక్షణ: ఉసిరి, పసుపు, నేల ఉసిరి వాడుకునే పద్ధతి

కాలేయానికి దెబ్బ ఎలా తగులుతుందో తెలిస్తే దేనిని ఎప్పుడు వాడాలో తేల్చుకోవడం సులువు. కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే ద్రావకం ఒంట్లో చేరినప్పుడు, విషాలను విరిచే పనిలో ఉండే కాలేయపు ఎంజైమే దానిని ఫ్రీ రాడికల్‌గా, అంటే పక్కనున్న అణువులను దెబ్బతీసే చురుకైన అణుభాగంగా మారుస్తుంది. ఆ రాడికల్ కణపు పొరలోని కొవ్వును పాడుచేయడంతో పొర చిట్లి, లోపలి ఎంజైములు రక్తంలోకి కారతాయి. రక్తపరీక్ష కాగితంలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అని కనిపించేవి అవే. రేడియేషన్ అయితే కణంలోని నీటి అణువునే చీల్చి హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తుంది. ఉసిరిలోని టానిన్లు, పసుపులోని కర్క్యుమిన్ ఇలాంటి నష్టాన్ని తగ్గించినట్లు ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది. అయితే వాటిలో చాలావాటిలో మొక్క సారాన్ని విషానికి ముందే కొన్ని రోజులు పట్టించారు. ఆ ‘ముందే’ అన్న మాట మరువకూడదు; దెబ్బ తగిలాక నయం చేస్తాయని వాటి అర్థం కాదు.

కనుక వీటిని మందుగా కాక, రోజువారీ తిండిగా వాడుకోండి. కార్తీకంలో దొరికే పచ్చి ఉసిరికాయను గింజ తీసి తరిగి, రోజుకొకటి భోజనంలో తింటే చాలు. నిల్వ పచ్చడిలో ఉప్పు ఎక్కువ కాబట్టి, కాలేయవ్యాధి ముదిరి పొట్టలో నీరు చేరినవారు దాని జోలికి వెళ్లకూడదు. పసుపు కూరలో చిటికెడు వేసుకోండి. మిరియాల సారం కలిపిన కర్క్యుమిన్ మాత్రలు వద్దు, ఎందుకంటే వాటి వల్లనే కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి.

నేల ఉసిరిని గుర్తుపట్టాలంటే రెమ్మను తిప్పి చూడండి: ఆకుల అడుగున సన్నని పచ్చని కాయలు వరుసగా వేలాడుతుంటాయి. పొలం గట్టు మీద కలుపుమందు చల్లిన చోట కోసిన మొక్క కాలేయానికి మేలు చేస్తుందనుకోవడం అమాయకత్వమే. కాలేయానికి సోకే హెపటైటిస్ బి వైరస్ మీద నేల ఉసిరి పనిచేస్తుందని 1988లో మద్రాసు పరిశోధకులు ప్రకటించినా, తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. కాబట్టి కామెర్లు కనిపిస్తే పసరు తాగుతూ రోజులు గడపకుండా, ముందు రక్తపరీక్ష చేయించుకోండి.

పారాసెటమాల్ మోతాదు మించితే ఏ ఆకూ పనికిరాదు. పెద్దలకు రోజుకు 4 గ్రాములే గరిష్ఠ పరిమితి. అది దాటితే కాలేయంలో విషాన్ని విరిచే గ్లూటాథయోన్ అనే పదార్థం తరిగిపోయి కణాలు చనిపోతాయి. దానికి విరుగుడు ఎన్-ఎసిటైల్ సిస్టీన్, అదీ 8 గంటల్లోపు అందితే బాగా పనిచేస్తుంది. అందుచేత ఒంట్లో బాగానే ఉన్నట్లు అనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స పొందుతున్నవారి సంగతి వేరు. కణితిని చంపేదీ చాలావరకు రేడియేషన్ పుట్టించే ఆ రాడికల్సే కనుక, రాడికల్స్‌ను అణచే యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు పెద్ద మోతాదులో వాడితే అవి కణితిని కూడా కాపాడే ప్రమాదం ఉంది. ఇంట్లో వాడుతున్న చూర్ణాలు, మాత్రల సీసాలన్నీ ఒక సంచిలో వేసుకెళ్లి, చికిత్స మొదలయ్యే ముందే వైద్యునికి చూపించండి.