కొత్త ఆఫీసులో మొదటి వారం నోరు పెగలాలంటే ఏం చేయాలి?

ఏటా జూన్, జూలై నెలల్లో మా అకౌంట్స్ సెక్షన్‌లో కొత్తవాళ్లు చేరతారు. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, దేవరకొండ, నల్లగొండ వైపు నుంచి వచ్చినవాళ్లు వాళ్లలో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. పాలమూరు యూనివర్సిటీ నుంచో, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ నుంచో మంచి మార్కులతోనే వస్తారు. వచ్చినంక గోడ పక్క కుర్చీ చూసుకుని కూర్చుంటారు. మీటింగ్‌లో తల ఊపుతారు. ఏమ్మా, అర్థమైందా అంటే అయింది మేడం అంటారు. విడిగా పిలిచి అడిగితే, "కొంచెం ధైర్యం రానీయండి మేడం, అప్పుడు మాట్లాడ్త" అంటారు. మూడు నెలలైనా ఆ ధైర్యం రాదు. నాలుగో నెల ఊరికి పోయి, గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నానని ఫోన్ చేస్తారు.

నేను పదిహేడేళ్లలో ఏడు ఆఫీసులు మారాను. ఏడు చోట్లా మొదటి రోజు గొంతు తడారిపోయింది. అందుకే గట్టిగా చెప్తున్నా. ధైర్యం కోసం కూర్చుంటే అది రాదు. మొదటి వారం దాటకముందే నలుగురి ముందు ఒక చిన్న ప్రశ్న అడగాలి. మిగతా పనులన్నీ ఆ ప్రశ్న కోసమే.

ముందుగా కావలసినవి

ఒక లాంగ్ నోట్‌బుక్, రెండు పెన్నులు, నీళ్ల బాటిల్. ఫోన్‌లో రాసుకుంటామంటే కుదరదు. మీరు నోట్స్ రాసుకుంటున్నా ఎదుటివాళ్లకు వాట్సాప్ చూస్తున్నట్టే ఉంటుంది. చేరే ముందురోజు ఒకసారి దారి చూసి రండి. నల్లగొండ బస్సయితే ఎల్బీనగర్‌లో, మహబూబ్‌నగర్ బస్సయితే ఎంజీబీఎస్‌లో దిగి మెట్రో ఎక్కాలి. హైటెక్ సిటీ వైపు పోయేవాళ్లు అమీర్‌పేటలో రాయదుర్గం లైన్‌కు మారాలి. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు చాలు. కొత్త చెప్పులు మాత్రం ఆరోజు వేసుకోవద్దు, మడమ కొరికితే ధ్యాసంతా కాలి మీదే ఉంటుంది. అరగంట ముందే లోపల ఉండండి.

ఎడమ పేజీ, కుడి పేజీ

నోట్‌బుక్ తెరిచి ఎడమ పేజీ మీద "భయం" అని, కుడి పేజీ మీద "తెల్వనిది" అని రాయండి. రోజంతా మనసులో మెదిలినవి ఎటు వచ్చేవి అటు రాసుకోండి.

"నా ఇంగ్లిష్ విని నవ్వుతరేమో", "నన్ను పొరపాటున తీసుకున్నరేమో" అనేవి ఎడమ పక్కకు. "జీఎస్టీఆర్-2బీలో కనపడని బిల్లును ఏం చేయాలి", "వెండర్‌కు ఇచ్చిన అడ్వాన్స్ ఏ లెడ్జర్‌లో వేయాలి", "లీవ్ కావాలంటే ఎవరికి చెప్పాలి" అనేవి కుడి పక్కకు. (జీఎస్టీఆర్-2బీ అంటే మనకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ నెలనెలా ఇచ్చే పట్టిక.) తలలో ఉన్నప్పుడు ఈ రెండూ కలిసిపోయి ఒకే బరువులా ఉంటాయి. కాగితం మీద పెడితే తేడా తెలుస్తుంది. కుడి పేజీలో ఉన్న ప్రతిదానికీ ఆ ఆఫీసులో ఎవరో ఒకరి దగ్గర జవాబుంది. ఎడమ పేజీకి ఇప్పుడు జవాబు వెతకక్కర్లేదు, రాసి వదిలేయండి.

ఆ "పొరపాటున తీసుకున్నరేమో" అనేది మన జిల్లాల పిల్లలకే ఉంటుందనుకోవద్దు. పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లోనే దీని మీద రాశారు. పెద్ద చదువులు చదివి, మంచి పేరు తెచ్చుకున్న ఆడవాళ్లే, తమకు అంత తెలివి లేదని, అందరినీ ఏమారుస్తున్నామని లోపల్లోపల కుమిలిపోవడం వాళ్లు చూశారు. అంత పని చేసి చూపించినవాళ్లకే వచ్చే అనుమానం మీకు రావడాన్ని బట్టి, మీకు పని రాదని లెక్కేసుకోవద్దు.

అసలు కష్టమైన చోటు: ఆ ఒక్క ప్రశ్న

అందరూ పాడుచేసుకునేది ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

ప్రశ్న కుడి పేజీలోంచే తీసుకోవాలి. పనికి సంబంధించినది, ఒకే వాక్యంలో ఇమిడేది. ముందురోజు రాత్రి పూర్తి వాక్యంగా రాసుకోండి. అప్పటికప్పుడు తడుతుందిలే అనుకుంటే తట్టదు. రాసింది మూడుసార్లు పైకి చదవండి, గదిలో ఎవరున్నా సరే. మీ గొంతులో ఆ మాటలు ఎట్లా ఉంటాయో మీ చెవికి ముందే తెలియాలి.

ముందు మాటలన్నీ కొట్టేయండి. "చిన్న డౌట్ మేడం, తప్పైతే ఏమనుకోకండి, నాకు సరిగ్గా తెల్వదు గానీ..." అని మొదలుపెడితే, అసలు ప్రశ్న వచ్చేసరికి వినేవాళ్ల చూపు ల్యాప్‌టాప్ మీదికి పోతుంది. మర్యాదకు మేడం, సార్ అనే ఒక్క మాట చాలు.

మీటింగ్ మొదలైన పది నిమిషాల్లోపే అడగాలి. ఇది నా నియమం, దీనికి సడలింపు లేదు. పది నిమిషాలు దాటిందంటే గుండె దడ పెరుగుతుందే తప్ప తగ్గదు. అరగంటయ్యాక "రేపు అడుగుదాం" అని మీకు మీరే సర్దిచెప్పుకుంటారు.

ఆ దడను అణచడానికి ప్రయత్నించొద్దు. రెండు పాదాలు నేలకు ఆనించి, ఊపిరి ఒకసారి మెల్లగా పూర్తిగా వదలండి. "నేను ప్రశాంతంగా ఉన్నా" అని మనసుకు అబద్ధం చెప్పొద్దు. హార్వర్డ్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో దీన్ని పరీక్షించారు. మాట్లాడేముందు "ప్రశాంతంగా ఉన్నా" అనుకున్నవాళ్ల కంటే "ఉత్సాహంగా ఉన్నా" అనుకున్నవాళ్లే బాగా మాట్లాడారు. భయంలోనైనా ఉత్సాహంలోనైనా దడ ఉండేదే కదా. మొదటి మూడు మాటలు మాత్రం కావాలని నిదానంగా పలకండి. నాలుగో మాట నుంచి దానంతటదే నడుస్తుంది.

భాష సంగతి. మీకు వచ్చిన ఇంగ్లిష్‌లో, లేదంటే తెలుగులో, లేదంటే సగం సగం. ఏదైనా సరే, మొదలుపెట్టిన వాక్యం పూర్తి చేయాలి. యాస మార్చొద్దు. "తెల్వదు" అనేవాళ్లు "తెలియదండి" అని సర్దుకునే ప్రయత్నంలో అసలు విషయం మర్చిపోవడం నేను ఎన్నిసార్లు చూశానో.

అడిగాక ఆగండి. ఇది చాలామందికి చేతకాదు. రెండు మూడు సెకన్లు గది నిశ్శబ్దంగా ఉంటే చాలు, కంగారుపడి "ఏం లేదు మేడం, పర్లేదు, నేను చూసుకుంట" అని తమ ప్రశ్నను తామే వెనక్కి తీసుకుంటారు. ఆ నిశ్శబ్దంలో ఎదుటివాళ్లు జవాబు ఆలోచిస్తున్నారు. పెన్ను పట్టుకుని కూర్చోండి.

పోయినేడు దేవరకొండ నుంచి వచ్చిన ఒకమ్మాయి నెల మధ్యలో మీటింగ్‌కు వచ్చింది. ప్రతి నెలా 14న 2బీ వస్తుంది, 20 లోపు 3బీ అనే నెల రిటర్న్ వేయాలి, మధ్యలో ఊపిరి సలపదు. కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడాన్నే ఐటీసీ అంటారు. ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో రాసుకున్న వరుస మీద చూపుడువేలు పెట్టి, వేలు అక్కడే అదిమి పట్టుకుని అడిగింది: "మేడం, 2బీల రాని బిల్లులకు ఐటీసీ ఈ నెల ఆపాల్నా?" గోరు తెల్లబడిపోయింది. నా టీమ్‌లో ఇద్దరు సీనియర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకరు ఆపుతున్నారు, ఇంకొకరు ఆపకుండా వేసుకుంటున్నారు. 2బీలో కనపడని బిల్లుకు ఐటీసీ తీసుకోకూడదు. చేరి నాలుగు రోజులైన పిల్ల అడిగేదాకా ఆ తేడా మాకెవరికీ పట్టలేదు.

ఎవరైనా చిన్నబుచ్చితే

జరుగుతుంది, జరగదని చెప్పను. నా రెండో ఆఫీసులో మొదటి రోజే ఏదో అడిగితే ఒకాయన "బీకామ్ చదివి ఇది గూడ తెల్వదా" అన్నాడు. ఆ మాటకు నోరు మూసుకున్నదాన్ని, మూడు నెలలు తెరవలేదు. వెండర్లకిచ్చే అడ్వాన్స్ ఎక్కడ వేయాలో తెలియక ఖర్చు కింద వేసుకుంటూ పోయాను. బిల్లులు వచ్చినప్పుడు మళ్లీ ఖర్చు పడింది. ఒకే డబ్బు రెండుసార్లు. ఆడిటర్ పట్టుకున్నాక అదంతా సరిచేయడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఆయన మాటకు నేను చెల్లించిన ధర అది.

కాబట్టి అలాంటి మాట పడితే చేయాల్సింది ఇది: "తెల్వకనే అడిగిన సార్" అని మామూలు గొంతుతో చెప్పి, అదే ప్రశ్న అదే రోజు ఇంకొకరిని అడగాలి. మర్నాటికి వాయిదా వేయొద్దు. మిగతావాళ్లంతా చూశారే అని కుమిలిపోవద్దు. కార్నెల్ యూనివర్సిటీలో విద్యార్థులకు ఒక గాయకుడి బొమ్మున్న టీషర్టు వేసి, నలుగురున్న గదిలోకి పంపారు. దాదాపు సగంమంది గమనించి ఉంటారని వేసుకున్నవాళ్లు అనుకున్నారు. గమనించింది దాదాపు నాలుగో వంతు. 2000లో అచ్చయిన పరిశోధన అది.

మా పెదనాయన పాలమూరు లేబర్‌తో ప్రాజెక్టు పనులకు పోయినవాడు. భాష తెలియని రాష్ట్రాల్లో కట్టల మీద మట్టి మోశాడు. గుంపులో కొత్తగా చేరినవాడు దిగిన గంటలోనే "తట్ట ఏడ దించాలె మేస్త్రీ" అని అడిగేవాడట. అడగకుండా తప్పుచోట దించితే ఆ మట్టి మళ్లీ ఎత్తాల్సింది వాడే. అక్కడ అడగడం సిగ్గుగా ఎవరికీ అనిపించలేదు.

నేను వద్దనేవి

అద్దం ముందు నడుం మీద చేతులు పెట్టుకుని రెండు నిమిషాలు నిలబడితే ధైర్యం వస్తుందని ఇప్పటికీ ట్రైనింగ్‌లలో చెప్తున్నారు. అలాంటి భంగిమలతో ఒంట్లో హార్మోన్లు మారి ధైర్యం పెరుగుతుందన్న 2010 నాటి ఒక పరిశోధన నుంచి పుట్టిన మాట అది. 2015లో 200 మందితో మళ్లీ చేసి చూస్తే, హార్మోన్లు మారతాయన్న మాట నిలబడలేదు. 2016కల్లా మొదటి పరిశోధకుల్లో ఒకరైన డానా కార్నీయే ఆ ప్రభావాన్ని తాను నమ్మడం లేదని చెప్పేశారు. ఆ రెండు నిమిషాలు మీ ప్రశ్న పైకి చదువుకోండి. పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోర్సులకు వేలకు వేలు కట్టి, అవి అయ్యేదాకా నోరు తెరవకుండా ఆగేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

తర్వాత

జవాబు, చెప్పినవాళ్ల పేరు, తేదీ ప్రశ్న కిందే రాసుకోండి. రెండో వారం రెండు ప్రశ్నలు. మూడో వారం ప్రశ్నతోపాటు మీరు గమనించిన విషయం ఒకటి చెప్పండి. చేసి చూసిన పనే నమ్మకానికి అన్నిటికంటే పెద్ద ఆధారమని ఆల్బర్ట్ బందూరా 1977లో రాశారు. మీరు చేసి చూసిన పనికి లెక్క ఈ పేజీల్లోనే ఉంటుంది. నెలాఖరున ఊరికి పోయే బస్సులో ఒకసారి తిరగేయండి, ఎడమ పేజీలో రాసినవాటిలో నిజంగా జరిగినవి ఎన్నో టిక్కు పెట్టండి.

వచ్చే జూన్‌లో మీ పక్క కుర్చీలోకి ఇంకో కొత్త పిల్లో పిల్లగాడో వస్తారు. వాళ్లు ఏదైనా అడిగితే మీ కుర్చీ వాళ్ల స్క్రీన్ దగ్గరికి జరిపి, ఎంట్రీ ఒకసారి మీరు చేసి చూపించండి. రెండోసారి వాళ్లతో చేయించండి.