ఇంగ్లీషు పదాలు – 7వ పాఠం: స్టూప్

పోయిన పాఠంలో ‘బెండ్’ చూశాం. ఊచ వంగినా, రోడ్డు మలుపు తిరిగినా, మనిషి వంగినా బెండ్ అనొచ్చు. ‘స్టూప్’ అలా అన్నిటికీ రాదు.

ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ చూసే ఉంటారు. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి, తర్వాత మ్యూజియం అయింది. లోపల గదికీ గదికీ మధ్య ద్వారాలు చిన్నవి. తల, భుజాలు ముందుకు వంచి దూరాలి. అదీ స్టూప్. గౌరవంతో తల వంచడం ‘బో’. స్టూప్‌లో గౌరవం ఊసే లేదు. వయసు మీదపడి నడుం వంగినా ఇదే పదం: ‘హి వాక్స్ విత్ ఎ స్టూప్.’

పాత ఇంగ్లీషులో దీని రూపం ‘స్టూపియన్’, అర్థం వంగడమే. నిటారు కొండని వర్ణించే ‘స్టీప్’ దీనికి చుట్టమే. న్యూయార్క్‌లో ఇంటి ముందు మెట్లనీ స్టూప్ అంటారు గానీ, అది డచ్చివాళ్ల దగ్గర్నుంచి వచ్చిన వేరే మాట.

మొదట ఒంటికి చెప్పిన మాట తర్వాత గుణానికీ వచ్చింది. ‘ఇంత నీచానికి దిగజారతాడా’ అని మనం అనేచోట వాళ్లు ‘వుడ్ హి స్టూప్ సో లో?’ అంటారు. చాలామంది తడబడేది ఇక్కడే, కాబట్టి ఈ రెండు వాక్యాలూ పైకి చదవండి.

షి స్టూప్డ్ టు పిక్ అప్ ది కాయిన్.
హి వోంట్ స్టూప్ టు టేకింగ్ బ్రైబ్స్.

మొదటిదాంట్లో ‘టు పిక్’ ఆమె ఎందుకు వంగిందో చెబుతుంది. నాణెం తీయడానికి, అంతే. రెండోదాంట్లో ‘టు’ తర్వాత ‘టేకింగ్’ వచ్చింది చూడండి. లంచం తీసుకునేంతకి అతను దిగజారడని అర్థం. ఆ ‘ఇంగ్’ బదులు నామవాచకం కూడా పెట్టొచ్చు: ‘స్టూప్ టు దట్ లెవెల్’. ఈ రెండో వాడుక చాలా ఘాటైనది. ఆఫీసు మెయిల్లో తోటి ఉద్యోగి గురించి రాయొద్దని గట్టిగా చెబుతాను. తప్పు చేశాడనడం వేరు, స్టూప్ అయ్యాడంటే నేరుగా అతని గుణాన్నే అన్నట్టు.

ఇప్పుడు వీటిని ఇంగ్లీషులో రాయండి:

ఫిషింగ్ హార్బర్‌లో ఆమె చేపల గంప ఎత్తడానికి వంగింది.
మార్కుల కోసం కాపీ కొట్టేంతకి ఆమె దిగజారదు.
సింహాచలంలో స్వామి ముందు అతను భక్తితో తల వంచాడు.

ఒకదానికి స్టూప్ పనికిరాదు. జవాబులు 8వ పాఠంలో, ‘క్రౌచ్’తో పాటు.