షీట్‌లో అంటువ్యాధి – 4వ పాఠం: కట్టడి ఏ రోజు నుంచి?

లక్ష జనాభా ఊళ్లో ఒక ఊహాజబ్బు రోజురోజుకీ ఎలా పాకుతుందో ఎక్సెల్ షీట్‌లో లెక్కవేస్తున్నాం. మూడో పాఠం తర్వాత మీరు పంపిన షీట్లలో చాలావాటికి ఒకటే జబ్బు. ఇంకా సోకనివాళ్ల కాలమ్ తొమ్మిదో రోజుకే మైనస్ ఐదు వేలకు దిగిపోయింది. లక్ష జనాభా ఊళ్లో మైనస్ మనుషులెక్కడి నుంచి వచ్చారు? బీటా సెల్‌లో 3 కొట్టారు కాబట్టి వచ్చారు. 3 అనేది ఆర్-నాట్, అంటే ఒక రోగి జబ్బున్నన్నాళ్లూ కలిపి ఎంతమందికి అంటిస్తాడో ఆ లెక్క. బీటా అంటే ఒక రోగి ఒక్క రోజులో ఎంతమందికి అంటిస్తాడో ఆ లెక్క. మన ఊహాజబ్బు పది రోజులుంటుంది, అందుకే గామా, అంటే రోగుల్లో రోజుకి కోలుకునేవాళ్ల వాటా, 0.1. మూడుని పదితో భాగించండి, బీటా 0.3. కొందరికి రోగుల కాలమ్ అసలు కదలనే లేదు. ఫార్ములా కిందికి లాగే ముందు డాలర్ గుర్తు పెట్టలేదు, ఎఫ్4 నొక్కండి. దీని గురించి ఇంతకంటే చెప్పను.

పైథాన్‌లో చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చు. నేను మాత్రం ఎక్సెల్ వదలను. ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అధికారి తనే క్లిక్ చేసి చూసుకోగలడు. 2014లో పశ్చిమాఫ్రికా ఎబోలాకి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తయారుచేసిన మోడల్ కూడా ఎక్సెల్ షీటే.

ఆ షీట్ సంగతి తీరిగ్గా చెప్పాలి. అదనపు చర్యలేవీ లేకపోతే, లెక్కకు రాని కేసులు కూడా కలుపుకుని, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో 2015 జనవరి 20 నాటికి 14 లక్షల కేసులు ఉండొచ్చని అది చూపించింది. చివరికి ఆ రెండు దేశాల్లో నమోదైనవి 25 వేల లోపే. "చూశారా, మోడల్ ఫెయిల్!" అన్నారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. బీడీ మానకపోతే ఊపిరితిత్తులు పోతాయని డాక్టరు చెప్పాడు, మనవాడు మానేశాడు, బతికి బాగున్నాడు. డాక్టరు అబద్ధమాడినట్టా? 14 లక్షలు అన్న వాక్యం "లేకపోతే"తో మొదలైంది. జనం ఆ మాట వదిలేసి అంకె ఒక్కటే పట్టుకున్నారు. 2020 మార్చిలో లండన్ ఇంపీరియల్ కాలేజీ కొవిడ్ నివేదికకీ ఇదే గతి పట్టింది. ఏ కట్టడీ లేకపోతే బ్రిటన్‌లో 5.1 లక్షల మరణాలని అందులో ఉంటే, "లేకపోతే" ఎగిరిపోయి 5.1 లక్షలు మిగిలింది.

అలాగని 14 లక్షలను పూర్తిగా వెనకేసుకురాను. ఎబోలా శవాన్ని తాకినా అంటుతుంది. భయంతో జనం తమంతట తామే అంత్యక్రియల పద్ధతి మార్చుకుంటారన్నది ఆ షీట్‌లో లేదు. ఇక 2021 కొవిడ్ రెండో వేవ్ ఎంత ఎత్తుకు పోతుందో మన దేశంలో తయారైన 'సూత్ర' అనే మోడల్ ముందుగా పట్టలేకపోయింది. అది "ఇలా జరుగుతుంది" అని చెప్పే మోడల్, కాబట్టి ఆ విమర్శ న్యాయమే.

సీడీసీ షీట్‌లో పనికొచ్చే వాక్యాలు వేరే ఉన్నాయి. రోగుల్లో 70 శాతం మందిని చికిత్సా కేంద్రాల్లోనో, ఇంకొకరికి అంటని ఏర్పాట్లలోనో ఉంచితే వ్యాధి తగ్గుముఖం పడుతుంది. ఆ పని నెల ఆలస్యమైతే రోజువారీ కేసుల శిఖరం సుమారు మూడు రెట్లవుతుంది. ప్రభుత్వానికి కావలసింది ఇలాంటి తేడా.

మన షీట్‌లోనూ అదే చూద్దాం. కట్టడి మొదలయ్యే రోజుకి ఒక సెల్, తగ్గింపు శాతానికి ఒక సెల్ పెట్టండి. ఆ రోజు దాటితే బీటాను తగ్గించే ఇఫ్ ఫార్ములా మీకు వచ్చు. మొదటి రోజు రోగులు పదిమంది.

తగ్గింపు 40 శాతం పెట్టి 20వ రోజు మొదలుపెడితే, ఒకేసారి మంచాన పడేవాళ్లు ఎక్కువలో ఎక్కువ సుమారు 12 వేలు. 40వ రోజు మొదలుపెడితే సుమారు 16 వేలు. ఇంతేనా అనిపిస్తుంది. ఇప్పుడు 70 శాతం పెట్టండి. 20వ రోజైతే 400 లోపు, 30వ రోజైతే రెండు వేల చుట్టూ, 40వ రోజైతే పది వేల చుట్టూ. 40 శాతం కోసినా ఒక రోగి ఇంకా 1.8 మందికి అంటిస్తున్నాడు, అందుకే ఎప్పుడు మొదలుపెట్టినా జబ్బు పెరుగుతూనే ఉంటుంది. 70 శాతంతో అది 0.9కి పడింది. మొదలుపెట్టిన రోజు ఎంతమంది ఉన్నారో అదే శిఖరం. "తొందరపడండి" అనే ముందు ఒక రోగి ఎంతమందికి అంటిస్తున్నాడో ఆ సంఖ్య ఒకటి కంటే కిందికి దిగిందో లేదో చూడండి.

అభ్యాసం కాస్త బరువైనదే. బీటాను 0.25 నుంచి 0.35 దాకా 0.02 చొప్పున మారుస్తూ, ప్రతిదానికీ ఆరు లెక్కలు (40, 70 శాతం తగ్గింపులు రెండు, 20, 30, 40 రోజులు మూడు) వేయండి. ఊళ్లో 800 పడకలున్నాయనీ, రోగుల్లో 5 శాతం మందికి పడక కావాలనీ అనుకోండి. బీటా ఏదైనా మారని సలహా ఏది, బీటాను బట్టి తిరగబడేది ఏది? జిల్లా డీఎంహెచ్‌ఓకి అరపేజీ నోటు రాయండి. గ్రాఫ్ ఒక్కటే, దాని మీద గీతలు రెండు. దశాంశాలు వద్దు, 3,417.62 మంది రోగులు ఏ ఆస్పత్రిలోనూ ఉండరు. ప్రతి అంకె పక్కనా దాని "లేకపోతే" రాయాలి. అది లేని నోటు చదవకుండా తిప్పి పంపుతాను.