ఫోటోల్లో మిరపకాయలు ముద్దగా వస్తున్నాయా? లెన్స్‌ని తిట్టే ముందు ఇవి చూడండి

గుంటూరులో మా ఆదివారం ఫోటోగ్రఫీ క్లాసుకు వచ్చేవాళ్లలో వారానికొకరైనా "సార్, లెన్స్ మార్చాలేమో" అంటూ మొదలుపెడతారు. షట్టర్ స్పీడ్, అంటే షట్టర్ ఎంతసేపు తెరుచుకుందో ఆ లెక్క, ఎంత ఉందని అడిగితే మొహం తేలేస్తారు. కెమెరా పట్టుకోవడం, మోడ్ డయల్, ఫోకస్ పాయింట్ జరపడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. అవి మళ్లీ చెప్పను.

సాయంత్రం తీసినవన్నీ బ్లర్

ప్లేబ్యాక్‌లో ఫోటో తెరిచి ఇన్ఫో బటన్ నొక్కండి. ఏ షట్టర్ స్పీడ్‌లో తీశారో అక్కడే ఉంటుంది. ఈ ఒక్క పని చేయకుండా రెండు వారాలు టెన్షన్ పడి, కొత్త లెన్స్ కోసం ఇంట్లో పోట్లాడినవాళ్లు ఉన్నారు.

తర్వాత ఫోటోలో కదలని వస్తువు వెతకండి. గోడ, కరెంటు స్తంభం, ఏదైనా సరే. అది కూడా సాగినట్టుంటే మీ చెయ్యి కదిలింది. స్తంభం శుభ్రంగా ఉండి మనిషి మాత్రమే చెదిరితే మనిషి కదిలాడు. రెండింటికీ మందు వేరు. చెయ్యి కదలకూడదంటే క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరాలో లెన్స్ 50 ఎంఎం దగ్గర ఉంటే షట్టర్ కనీసం 1/80 సెకను, 200 ఎంఎం దగ్గర 1/320 ఉండాలి. చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ ఉంటే ఇంకాస్త కిందికి దిగొచ్చు. కానీ ఎదుటి మనిషిని ఆపడం దాని వల్ల కాదు, అది షట్టర్ పనే. టిక్కీ (మిరప బస్తా) వీపున వేసుకుని నడిచే హమాలీకి 1/250, బైక్‌కి 1/500 పైన పెట్టండి. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ (వెలుతురును పెంచి చూపే సెట్టింగ్) 3200కి వెళ్లండి. నాయిస్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) ఉన్న ఫోటోని చూడొచ్చు, చెదిరిన ఫోటోని ఏం చేసుకుంటాం?

కదలికే కావాలంటే ఇదే తప్పును కావాలని చేయాలి. బ్రాడీపేటలో ఆటో వెళ్తుంటే 1/30 పెట్టి, దానితోపాటే నడుము నుంచి తిరుగుతూ క్లిక్ చేయండి. క్లిక్ అయ్యాక కూడా తిరగడం ఆపొద్దు. పదింట్లో రెండు కుదిరితే సంతోషించండి.

దీపాల చుట్టూ పొగ కమ్మినట్టుంది

లెన్స్ తుడిచారా? వేలిముద్ర, పులిహోర తిన్న చెయ్యి, ఏదో ఒకటి అయ్యుంటుంది. ఏసీ కారులోంచి దిగగానే తీశారంటే గాజు మీద చెమ్మ పట్టి ఉంటుంది. దిగాక కెమెరాని ఒక పావుగంట బ్యాగులోనే ఉంచి అప్పుడు తీయండి.

ట్రైపాడ్ పెట్టినా రాత్రి ఫోటో వణికింది

ఎక్కడ పెట్టారు? ప్రకాశం బ్యారేజీ మీదా? 1957 నుంచి దాని మీద బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. అవి పోతున్నంతసేపూ కింద కాంక్రీటు అదురుతుంది, మీరు పది సెకన్లు షట్టర్ తెరిచి కూర్చుంటే ఆ అదురంతా ఫోటోలోకి వస్తుంది. కిందికి దిగి ఘాట్ మెట్ల మీద పెట్టండి. రెండు సెకన్ల టైమర్ వాడండి, పాత లెన్స్ అయితే స్టెబిలైజేషన్ ఆపేయండి.

ఎర్రటివన్నీ ముద్దగా వస్తున్నాయి, ఫోకస్ లేనట్టుంది

దీని దగ్గర ఆగాలి. నన్ను బాగా ఏడిపించింది ఇదే.

కొన్నేళ్ల కిందట ప్రత్తిపాడు వైపు ఒక కల్లంలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మిరపకాయలు తీశాను. రాశులు పోసి ఉన్నాయి, ఆడవాళ్లు కూర్చుని తాలు ఏరుతున్నారు. కెమెరా వెనక స్క్రీన్ మీద చూస్తే కళ్లు చెదిరే రంగు. ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద పెడితే కాయకూ కాయకూ మధ్య గీత లేదు. ఎర్ర పెయింటు డబ్బా బోర్లించినట్టుంది. ఫోకస్ పోయిందనుకున్నాను. లెన్స్‌ని సర్వీసుకిచ్చాను. అక్కడ డబ్బు తీసుకుని, శుభ్రం చేసి, అంతా బాగుందని తిరిగిచ్చారు. మళ్లీ వెళ్లి తీశాను. మళ్లీ ముద్దే.

చివరికి గుట్టు చెప్పింది అదే ఫోటోలో రాశి పక్కనున్న గోనెసంచి. అది కూడా అంతే దూరంలో ఉంది, దాని నేత పోగు పోగుగా కనిపిస్తోంది. ఫోకస్ తప్పి ఉంటే సంచి కూడా మసకబారాలి కదా? మీరు కూడా ముందు ఈ పరీక్షే చేయండి. ఎర్రటి వస్తువు పక్కన అంతే దూరంలో వేరే రంగుది ఏదైనా చూడండి. అది స్పష్టంగా ఉంటే ఫోకస్ జోలికి వెళ్లొద్దు.

జరిగేది ఇది. మామూలు జేపెగ్ ఫోటోలో కెమెరా ప్రతి చుక్కకూ ఎరుపు, పచ్చ, నీలం అని మూడు లెక్కలు రాసుకుంటుంది, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. ఎండలో మిరపకాయకు ఎరుపు లెక్క 255 దగ్గర గోడకు కొట్టుకుని ఆగిపోతుంది. కాయ మీద మెరుపు, ముడత, మడత, అన్నీ అదే 255. తేడా లేని చోట కంటికి గీత ఎక్కడ కనిపిస్తుంది?

మరి హిస్టోగ్రాం (ఫోటోలో చీకటి ఎడమకు, వెలుతురు కుడికి చూపించే గ్రాఫ్) చూశాం కదా అంటారు. నేనూ చూశాను. మోసం అక్కడే ఉంది. మామూలు తెల్ల హిస్టోగ్రాం మూడు రంగులనూ కలిపి ఒక్క వెలుతురుగా చూపిస్తుంది, ఆ కలపడంలో ఎరుపుకు ఇచ్చే వాటా దాదాపు 30 శాతమే. అంటే అచ్చమైన ఎరుపు 255కి చేరినా గ్రాఫ్‌లో అది 76 దగ్గర, ఎడమ వైపున బుద్ధిగా కూర్చుని ఉంటుంది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌ది కూడా ఇదే తంతు. ఫ్రేమంతా ఎరుపైతే చీకటిగా ఉందనుకుని వెలుతురు ఇంకా పెంచుతుంది. చాలా కెమెరాల్లో వెలుతురు మితిమీరిన చోట్లను చూపే హైలైట్ వార్నింగ్ కూడా మిణుకుమనదు. దాని మీద మనం పిక్చర్ స్టైల్ 'వివిడ్'లోనూ, రంగుల ఛాయను సర్దే వైట్ బ్యాలెన్స్ 'క్లౌడీ'లోనూ పెట్టి ఉంటాం. రెండూ ఎరుపును ఇంకా పైకి తోస్తాయి.

బాగుచేయడం కష్టం కాదు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆర్‌జీబీ హిస్టోగ్రాం ఆన్ చేయండి, మూడు రంగులూ విడివిడిగా కనిపిస్తాయి. ఒక ఫోటో తీసి ఎరుపు గ్రాఫ్ ఒక్కటే చూడండి. కుడి గోడకు అంటుకుని ఉంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7కి తగ్గించి మళ్లీ తీయండి. చాలకపోతే మైనస్ 1, ఇంకా చాలకపోతే 1.3. గ్రాఫ్ గోడను వదిలి లోపలికి వచ్చేదాకా తగ్గించడమే. స్టైల్ 'న్యూట్రల్', వైట్ బ్యాలెన్స్ 'డేలైట్' పెట్టండి. ఆటో వైట్ బ్యాలెన్స్ వద్దు, అంత ఎరుపు చూస్తే అది తికమకపడుతుంది. రా ఫైల్ (కెమెరా కుదించకుండా దాచే ఫైల్) తీయండి. స్క్రీన్ మీద ఫోటో కాస్త నల్లగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు, నీడల్ని తర్వాత ఎత్తుకోవచ్చు. 255 దగ్గర చచ్చిపోయిన ఎరుపును మాత్రం ఎత్తలేం. ఫోన్ అయితే రాశి మీద నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి.

పొద్దున ఏడు, ఎనిమిది మధ్య వెళ్తే సగం పని ఎండే చేసి పెడుతుంది. వాలు ఎండకు ప్రతి కాయా పక్క కాయ మీద నీడ వేస్తుంది. మధ్యాహ్నం నడినెత్తి ఎండలో ఆ నీడలు చాలావరకు కాయల కిందికే పోతాయి. పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తొక్క మీద తెల్లటి మెరుపు తగ్గుతుంది.

ఇది మిరపకాయలకు మాత్రమే కాదు. బెజవాడలో దుర్గమ్మ దర్శనానికి వచ్చే భవానీల ఎర్ర బట్టలు, పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర, కుంకుమ రాశి, అన్నింటికీ ఇదే జబ్బు. చీర మీద జరీ కనిపిస్తూ మడతలు మాయమైతే అనుమానించాల్సింది దీన్నే.

ఫోటో బాగానే ఉంది కానీ బోసిగా ఉంది

దగ్గరికి వెళ్లండి. రాశి మొత్తం, కల్లం మొత్తం, వెనక తాటిచెట్లు, అన్నీ ఒక్క ఫ్రేములో ఇరికించారు కాబట్టి కన్ను ఎక్కడా ఆగడం లేదు. తాలు ఏరే రెండు చేతులు చాలు. స్క్రీన్‌ని మూడేసి భాగాలుగా చూపే మూడో వంతుల గీతలు ఆన్ చేసుకోండి, మనిషి నెత్తిన స్తంభం మొలిచిందేమో చూసుకోండి, మొలిస్తే రెండడుగులు పక్కకు జరగండి.

ఇక మిగిలినవి. ఆటోఫోకస్ కాలిబ్రేషన్ తప్పడం, లెన్స్‌లో గాజు పక్కకు జరగడం నిజంగానే ఉంటాయి, కానీ ఇన్నేళ్లలో నా చేతికి ఒకటీ రెండూ తగిలాయి, అవి కూడా కిందపడ్డవే. ఆకాశంలో అన్ని ఫోటోల్లోనూ ఒకే చోట మచ్చ ఉంటే సెన్సర్ మీద దుమ్ము, బ్లోయర్‌తో ఊదితే పోతుంది. నోటితో ఊదకండి. కల్లంలో నిలబడి లెన్స్ మార్చకండి. మార్చి తీరాల్సిందే అంటే గాలికి ఎదురుగా కాకుండా వీపు పెట్టి, కెమెరా నోరు కిందికి ఉంచి మార్చండి, ఆ చేత్తో కళ్లు మాత్రం నలుపుకోకండి.