పాత వ్యాన్‌లో పెద్ద ఇంజన్ – 3వ పాఠం: ముందు నీళ్ల దారి చూసుకోండి

ఇంజన్ ఎంచుకోవడం, దాన్ని అడాప్టర్ ప్లేటుతో (రెంటికీ మధ్య అతుకుగా పెట్టే లోహపు పలకతో) గేర్‌బాక్స్‌కి బిగించడం గత రెండు పాఠాల్లో అయిపోయాయి. కొత్తగా చేరినవాళ్ల కోసం బండి సంగతి ఒక్కసారి చెప్తాను. అది ఫోక్స్‌వ్యాగన్ వానగన్, 1980ల నాటి వ్యాను, ఇంజన్ వెనక, రేడియేటర్ ముందు. దాని సొంత 2.1 లీటర్ల ఇంజన్ 95 హార్స్‌పవర్ ఇస్తే, మనం పెడుతున్న సుబారు లెగసీ 2.2 లీటర్ల ఈజే22 ఇంజన్ 130 ఇస్తుంది. అందరూ ఈ పవర్ గురించే మాట్లాడతారు కానీ, నన్నడిగితే ఈ పని నిలబడేదీ చెడేదీ కూలింగ్ దగ్గరే. గేర్‌బాక్స్‌కి ఇంజన్ సరిగ్గా కూర్చోకపోతే ఆ పూటే తెలిసిపోతుంది. కూలింగ్‌లో తేడా చేస్తే మాత్రం ఎండాకాలంలో, నిండా మనుషులతో ఘాట్ ఎక్కుతున్నప్పుడు బయటపడుతుంది, అప్పటికి హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ పైనుండే హెడ్‌కీ మధ్య లీకు కాకుండా ఆపే పొర) పోయి ఉంటుంది.

లెగసీలో ఇంజన్ బెల్టుల వైపు ముందుకి తిరిగి ఉంటుంది, రేడియేటర్ దాని ఎదురుగానే ఉంటుంది కాబట్టి వేడినీళ్లు బయటికొచ్చే మూతి కూడా అటే చూస్తుంది. వానగన్‌లో పెట్టేసరికి ఆ మూతి వెనక బంపర్ వైపు తిరిగిపోతుంది, రేడియేటరేమో బండి అవతలి కొసన! అందుకే ఇంజన్ పైన అడ్డంగా ఉండే కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, నేను నీళ్లంటున్నది దీన్నే) పైపుని మూతి గేర్‌బాక్స్ వైపు తిరిగేలా మార్చాలి. ఇలా తిప్పిన పైపు రెడీమేడ్‌గా దొరుకుతుంది, వెల్డింగ్ బాగా తెలిసినవాళ్లు కోసి అతికించుకుంటారు. పైపు జోలికి పోకుండా హోస్‌నే వంచి తెచ్చేవాళ్లూ ఉన్నారు, నేనైతే వద్దంటాను, ఎందుకంటే తిరిగే బెల్టుల పక్కన రబ్బరు హోస్ ఎన్నాళ్లుంటుందో చెప్పలేం.

ఇప్పుడు అసలు చిక్కు. ఈజే22లో థర్మోస్టాట్ (వేడిని బట్టి తెరుచుకుని నీళ్లని వదిలే వాల్వు) వాటర్ పంపు లోపలికి నీళ్లొచ్చే చోట, అడుగున ఉంటుంది. అంటే రేడియేటర్ నుంచి తిరిగొచ్చే చల్లనీళ్ల వైపన్నమాట. మరి ఇంజన్ వేడెక్కిందని దానికెలా తెలుస్తుంది? ఇంజన్ వేడినీళ్లతోనే బండి లోపలికి వెచ్చటి గాలి ఇచ్చే హీటర్ చుట్టూ తిరిగొచ్చే నీళ్లు థర్మోస్టాట్ పక్కకే వచ్చి కలుస్తాయి, వాటిని బట్టే అది తెరుచుకుంటుంది. లెగసీలో హీటర్‌లోంచి నీళ్లు ఎప్పుడూ పారుతూనే ఉంటాయి, లోపలికి వేడి రావాలా వద్దా అనేది గాలి తలుపులే చూసుకుంటాయి. వానగన్‌లో అలా కాదు, ముందు హీటర్‌కి వాల్వు ఉంది, లీవర్ జరిపితే నీళ్లే ఆగిపోతాయి. రెండింటినీ ఆలోచించకుండా కలిపేస్తే, హీటర్ కట్టేసిన రోజున థర్మోస్టాట్‌కి సరిపడా వేడినీళ్లు అందక ఆలస్యంగా తెరుచుకుంటుంది, డ్యాష్‌బోర్డులో వేడి చూపించే ముల్లు పైకీ కిందికీ ఊగుతుంది, మీకేమో టెన్షన్. దీనికి ఖరీదైన మందేమీ అక్కర్లేదు, ఏ వాల్వూ లేని ఒక దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి, అంతే. హీటర్‌కి వెళ్లే హోస్‌కీ తిరిగొచ్చే హోస్‌కీ మధ్య, వాల్వు కంటే ముందే, ఒక సన్నటి బైపాస్ హోస్ వేస్తే సరిపోతుంది. ఈ ఒక్క విషయం వంటబట్టిందంటే ఈ పాఠంలో ముప్పావు వంతు మీకు వచ్చేసినట్టే.

సెన్సార్ల దగ్గర కూడా జాగ్రత్త. ఇంజన్ కంప్యూటర్‌కి సుబారు సెన్సారే ఉండాలి, డ్యాష్‌బోర్డు ముల్లుకి ఫోక్స్‌వ్యాగన్ సెన్సారే ఉండాలి. ఒకదాన్ని రెండింటికీ వాడితే ముల్లు అబద్ధం చెప్తుంది. రేడియేటర్ ఫ్యాన్ స్విచ్ రేడియేటర్‌లోనే ఉంది కాబట్టి దాన్ని కదపకండి.

కూలెంట్ పోయడం ఓపిక పని. మొత్తం 15 లీటర్లకు పైనే పడుతుంది, నేల కింద అంత పొడవు పైపుల్లో గాలి ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుంది. బండి ముందు భాగాన్ని అడుగుకు పైనే లేపి, గట్టి స్టాండ్ల మీద నిలబెట్టండి, జాకీని నమ్ముకోవద్దు. హీటర్లన్నీ పూర్తిగా తెరవండి. ముందు గ్రిల్ విప్పితే రేడియేటర్ పైభాగాన గాలి తీసే స్క్రూ కనిపిస్తుంది, దాన్ని వదులు చెయ్యండి. వెనక ఎక్స్‌పాన్షన్ ట్యాంక్‌లో ఒకరు పోస్తుంటే ముందు ఇంకొకరు చూడాలి. మొదట బుసబుసమని గాలి, తర్వాత బుడగలతో కలిసిన నీళ్లు, చివరికి తెగకుండా ధార వస్తుంది, అప్పుడు బిగించండి. ఇంజన్ స్టార్ట్ చేసి, వేగం కొంచెం పెంచి నిలబెట్టి, వేడెక్కాక ఫ్యాన్ దానంతటదే తిరిగేదాకా ఆగండి. వేడి మీద ఉండగా మూత మాత్రం తీయకండి, ఒళ్లు కాలుతుంది. చల్లారాక మట్టం చూసి తగ్గినంత పోయండి, మర్నాడు మళ్లీ చూడండి.

ఇక రూల్స్. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకి పెట్టే ఇంజన్, బండి మోడల్ ఏడాదిదో తర్వాతిదో అయి ఉండాలి, పని అయ్యాక రెఫరీ (ఇలా మార్చిన బండ్ల పొగ నిబంధనలు చూసే అధికారిక తనిఖీదారు) దగ్గర తనిఖీ తప్పదు. ఇండియాలో మారుతీ ఓమ్నీ లాంటి బండికి ఇలా చేద్దామనుకునేవాళ్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదివి, స్పానర్ పట్టుకునే ముందే ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి అడగండి. ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అందులో ఉంది.

నాలుగో పాఠం వైరింగ్. ఈలోపు లెగసీ నుంచి తీసిన వైర్ల కట్టలో ఒక్క తీగ కూడా కొయ్యకండి, ప్రతి ప్లగ్గుకీ టేపు మీద పేరు రాసి అంటించి పెట్టుకోండి.