ఈస్ట్ మొగ్గ తొడగడం కళ్లారా చూడాలంటే

కావలసినవి: డ్రై ఈస్ట్, గోరువెచ్చని నీళ్లు, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తిన బార్లీ సారం), 40 రెట్ల లెన్సున్న మైక్రోస్కోపు, స్లైడులు, కవర్‌స్లిప్పులు. మాల్ట్ నీళ్లలో చిటికెడు ఈస్ట్ కలిపి, 30 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి.

మాల్ట్ బదులు పంచదార వేసి, నురగ రాగానే "విభజన మొదలైంది" అని సంబరపడేవాళ్లను చూసి విసుగొచ్చింది. నురగ పులియడానికి గుర్తు, అంతే. ఈస్ట్ కణం విభజన అంటే ఒంటి మీద మొగ్గ తొడిగి, ఆ మొగ్గ కొత్త కణంగా విడిపోవడం. మొగ్గ తొడిగే ముందు కణానికి 'స్టార్ట్' అనే గడప ఉంది. నత్రజని అందాలి, కణం తగినంత పెరగాలి, డబ్ల్యూహెచ్ఐ5 అనే ప్రోటీన్ బ్రేకు వదలాలి. అప్పుడే గడప దాటుతుంది. ఉత్త పంచదార నీళ్లలో నత్రజని ఎక్కడిది?

ఇక అందరూ బోల్తాపడే చోటు. పొద్దున ఆ ద్రవాన్నే స్లైడు మీద వేయకండి. తిండి అయిపోయి కణాలన్నీ గడప ఇవతలే గుండ్రంగా ఆగిపోయి ఉంటాయి. కొన్ని చుక్కలే తీసి తాజా మాల్ట్ నీళ్లలో కలపండి. గ్లాసు వెనక అక్షరాలు కాస్త మసకగా కనిపిస్తే చాలు. రెండు మూడు గంటలు ఆగండి. తొందరపడితే మళ్లీ గుండ్రటి కణాలే.

చుక్క వేసేముందు సీసాను గట్టిగా ఊపండి. అతుక్కున్న రెండు కణాలను మొగ్గ అనుకోవడం మామూలు పొరపాటు. కవర్‌స్లిప్పును పుల్లతో మెల్లగా తట్టండి: మొగ్గయితే సన్నని మెడతో తల్లితోపాటే కదులుతుంది. సమానంగా ఉన్న జంటల్ని లెక్కలో వేయకూడదు. మొగ్గ చూడటానికి రంగు అసలే వద్దు, వెలుతురు తగ్గిస్తే చాలు.

మధ్యలో చీలే పాంబే ఈస్ట్‌తో మొదలుపెట్టమనేవాళ్లూ ఉన్నారు. అందులో పోమ్1 ప్రోటీన్ రెండు కొసల్లో పేరుకుని, విభజనను నడుమకే పరిమితం చేస్తుంది. ముచ్చటైన ఏర్పాటే. కానీ మొగ్గ ఈస్ట్‌లో దశ బయటికే తెలుస్తుంది: చిన్న మొగ్గంటే డీఎన్ఏ నకలు తయారవుతోందని, పెద్దదంటే కేంద్రకం విడిపోయే వేళ దగ్గరపడిందని. 2001లో నోబెల్ పంచుకున్న శాస్త్రవేత్త లీలాండ్ హార్ట్‌వెల్ కూడా విభజన మధ్యలో ఆగిపోయిన కణాలను ఈ మొగ్గను బట్టే గుర్తించాడు.

చోటు కూడా చూడండి. క్రోమోజోముల సెట్లు రెండున్న కణం కొసల్లో మొగ్గేస్తుంది. ఒకే సెట్ ఉంటే పాత మచ్చ (ఇంతకుముందు మొగ్గ విడిపోయిన చోటు) పక్కనే. మచ్చలు కనిపించాలంటే కాల్కోఫ్లోర్ రంగు, ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపు కావాలి. అవి లేకపోతే కవర్‌స్లిప్పు అంచులకు వాజిలీన్ రాసి, ఒకే కణాన్ని 15 నిమిషాలకోసారి బొమ్మ గీయండి, మెడ ఏ కొసన ఉందో తప్పకుండా గుర్తు పెడుతూ.