మూగజీవాన్ని హింసిస్తే కేసు ఎలా పెట్టాలి? ఒడిశా బోర్డర్‌లో ఉన్న మనోళ్ళ కోసం

మాది గజపతి జిల్లా. ఊరి పేరు వద్దులెండి, హింసించిన మనిషి ఇప్పటికీ మా వీధి చివరే టిఫిన్ బండి పెడుతున్నాడు. చలికాలం పొద్దున్నే, బజ్జీల వాసనకి మా వీధి కుక్క కర్రోడు బండి దగ్గరికి వెళ్తే, మరుగుతున్న నూనె గరిటెతో తీసి దాని మొహాన కొట్టాడు. ఎడమ కన్ను పోయింది. మేం నలుగురం స్టేషన్‌కి వెళ్ళాం, వాళ్ళు ఒడియాలో ఏదో రాసి సంతకం పెట్టమన్నారు, పెట్టాం, కేసైపోయిందనుకుని ఇంటికొచ్చేశాం. నాలుగో నెలలో ఒక వకీలు గారికి ఆ కాయితం చూపిస్తే "ఇది కేసు కాదమ్మా, స్టేషన్ డైరీలో రాసుకున్నారంతే. జంతుహింస చట్టం సెక్షన్ 11 అని పెట్టారు, దానికి మూడు నెలల్లోపు కోర్టుకి వెళ్ళాలి, దాటిపోయింది" అన్నారు.

ఇంకో మాట, ఒడియా చదవడం వచ్చిన పక్కింటి పాపతో ఆ కాయితం చదివిస్తే అందులో "పొరపాటున నూనె పడింది" అని ఉంది. దాని కింద మా నలుగురి సంతకాలు!

అందుకే ఇది రాస్తున్నా. తర్వాత మా పెదనాన్న గారి ఆవు విషయంలో ఈ తప్పులేవీ చేయలేదు, కాబట్టి రెండూ కలిపి చెప్తాను.

1. ముందు దాని ప్రాణం చూడండి

ఒకళ్ళు జంతువుని చూసుకోండి, ఇంకొకళ్ళు ఫోన్ పట్టుకోండి. ఒక్కళ్ళే ఉంటే ఫోన్ తర్వాత.

వేడి నూనె గానీ నీళ్ళు గానీ పడితే మామూలు చల్లటి నీళ్ళు పోస్తూనే ఉండాలి, ఐసు పెట్టకూడదు. మా పిన్ని పసుపూ కొబ్బరినూనె కలిపి తెచ్చి కర్రోడి మొహానికి పూసేసింది, పాపం మంచి మనసుతోనే, కానీ డాక్టరు గారికి అదంతా కడగడానికే అరగంట పట్టింది, అది అరుస్తుంటే మేం పట్టుకోలేకపోయాం. విషం పెట్టారని అనుమానం వస్తే ఉప్పునీళ్ళు తాగించి కక్కించాలని చూడకండి. అది కక్కింది ఉంటే కొంచెం, తిన్న ముక్క మిగిలితే అది, శుభ్రమైన సీసాలో పెట్టి మూత బిగించి ఉంచండి, పోలీసులకి ఇవ్వాలి.

నొప్పితో ఉన్న కుక్క రోజూ అన్నం పెట్టే చేతినైనా కరుస్తుంది. మూతికి చున్నీ చుట్టండి, కక్కుతున్నా ఊపిరి ఆడకపోయినా మాత్రం చుట్టకండి. కరిస్తే పావుగంట సబ్బుతో కడుక్కుని అదే రోజు రేబిస్ టీకాకి వెళ్ళిపోండి, రేపు చూద్దాంలే అనుకోకండి.

పశువుల అంబులెన్స్ నంబర్ 1962. ఒడిశాలోనూ అదే, ఆంధ్రాలోనూ అదే, అక్కడే మన బోర్డర్ వాళ్ళకి తిరకాసు. నా ఫోన్ ఆంధ్రా టవర్ పట్టుకుని కాల్ అటు పోయింది ఒకసారి, ఐదు నిమిషాలు మండలం పేరు అడుగుతూ కూర్చున్నారు. అందుకని ఎత్తగానే "ఒడిశా, గజపతి జిల్లా" అని మొదలుపెట్టండి.

2. ఫోటోలు, వీడియో

గాయం దగ్గర్నుంచి ఒకటి, జంతువు మొత్తం పడేలా ఒకటి, చుట్టూ ఉన్న చోటు తెలిసేలా ఇంకొకటి, షాపు బోర్డో కరెంటు స్తంభమో గుడి గోడో ఏదో ఒక గుర్తు పడాలి. కట్ చేయొద్దు, పాట పెట్టొద్దు, ఫిల్టరు పెట్టొద్దు. వాట్సాప్‌లో పంపితే క్వాలిటీ తగ్గిపోతుంది, అసలు ఫైల్ తీసిన ఫోన్‌లోనే ఉండాలి. కోర్టులో వీడియో చూపించాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ ఇవ్వాలి, ఏ ఫోన్‌తో తీశారు, ఆ ఫోన్ ఎవరిది అని, కాబట్టి ఫోన్ మార్చేసి పాతది అమ్మేయకండి.

ముందే ఫేస్‌బుక్‌లో పెట్టేయొద్దని నా సలహా. పెడితే లైకులొస్తాయి గానీ అవతలివాడు జాగ్రత్తపడిపోతాడు, చూసినవాళ్ళు "మాకెందుకొచ్చిన గొడవ" అని తప్పుకుంటారు. మా వీధిలో సరిగ్గా అదే జరిగింది.

3. డాక్టరు రాసే రెండు లైన్లు

మొత్తం కేసుకి ప్రాణం ఇక్కడే ఉంది, దీన్నే ఎవరూ పట్టించుకోరు.

ప్రైవేట్‌గా చూపించుకున్నా సరే, ఒకసారి ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి గాయం సర్టిఫికెట్ అడగండి. బ్లాకులో ఉండే డాక్టర్ని బీవీఓ అంటారు, జిల్లాలో పైన సీడీవీఓ. కర్రోడికి ఇచ్చిన చీటీలో "కాలిన గాయం, మందు రాశాను" అని మాత్రమే ఉంది. కన్ను పోయిందన్న మాటే లేదు! మేమూ అడగలేదు.

ఆవు సంగతి వేరే. కాశీనగర్ దగ్గర ఊళ్ళో పెదనాన్న గారి ఆవు వంకాయ తోటలో పడిందని తోటాయన కత్తి విసిరాడు. పెదనాన్న ఫోన్ చేసి "బేగి రావే, ఆవు లేవట్లేదు" అన్నారు. వెళ్ళేసరికి కుడి వెనక కాలు మడమ పైన తెల్లగా నరం తెగి అగుపడుతోంది, ముందు కాళ్ళ మీద లేవాలని చూసి మళ్ళీ కూలబడిపోతోంది. ఈసారి డాక్టరు గారిని బతిమాలి మూడు విషయాలు రాయించాం: గాయం దేనివల్ల అయ్యింది (పదునైన ఆయుధం), ఎంతసేపటి కిందట, కాలు మళ్ళీ పనిచేస్తుందా లేదా. "శాశ్వతంగా పనిచేయదు" అని రాశారు. ఆ ఒక్క మాటకి సెక్షనే మారిపోయింది, ఎలాగో కింద చెప్తా.

చచ్చిపోతే మాత్రం పాతిపెట్టేయకండి. పోలీసులు రాసిస్తే పశువుల డాక్టరు పోస్ట్‌మార్టం చేస్తారు, విషం అనుమానమైతే లోపలి భాగాలు ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపిస్తారు. ఎండలో బాడీ పాడైపోతే ఏమీ తేలదు, అందుకే ఆ రోజే పరుగెత్తాలి.

4. ఏ సెక్షన్ అడగాలి

అందరికీ తెలిసింది 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, సెక్షన్ 11. కొట్టడం, మోయలేనంత బరువు వేయడం, తిండి పెట్టకుండా కట్టేయడం, ఇరుకుగా కుక్కి లారీలో తీసుకెళ్ళడం, పెంచుకున్నదాన్ని వీధిలో వదిలేయడం అన్నీ ఇందులోకే వస్తాయి. శిక్ష వింటే నవ్వొస్తుంది, మొదటిసారైతే 10 నుంచి 50 రూపాయల ఫైన్, మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే 25 నుంచి 100, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ. 1960లో 50 రూపాయలంటే డబ్బే, ఇప్పుడు మా వీధి టిఫిన్ బండి దగ్గర ఇద్దరు కడుపునిండా టిఫిన్ తింటే అంతకన్నా ఎక్కువే అవుతుంది. 2014లో జల్లికట్టు కేసు తీర్పులో సుప్రీంకోర్టే శిక్షలు పెంచమని చెప్పింది.

పైగా సెక్షన్ 11లో చాలావాటికి పోలీసులు మేజిస్ట్రేట్ పర్మిషన్ లేకుండా దర్యాప్తు చేయలేరు, అరెస్టూ చేయలేరు. అందుకే డైరీలో రాసి కోర్టుకి వెళ్ళమని పంపిస్తారు. మనకది చెప్పినా అర్థం కాదు, ఇంటికొచ్చి ఎదురుచూస్తాం, సెక్షన్ 36 ప్రకారం మూడు నెలలు దాటితే ఇక కేసే ఉండదు. కొన్నింటికి మాత్రం పోలీసులే నేరుగా దిగొచ్చు, క్రూరంగా చంపడం, అవయవాలు తీసేయడం, జంతువుల పందేలకి చోటు నడపడం లాంటివి. కాబట్టి కోడిపందేల బరి నడుపుతుంటే 112కి కొట్టి చోటు చెప్పండి చాలు, అక్కడికి వెళ్ళి వీడియో తీసే వీరత్వం వద్దు, కత్తులూ మందూ డబ్బూ మూడూ ఒకేచోట ఉంటాయి.

అసలు అడగాల్సింది భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 325. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. జంతువుని చంపినా, విషం పెట్టినా, అవిటి చేసినా, పనికిరాకుండా చేసినా 5 ఏళ్ళ వరకు జైలు, లేదా ఫైన్, లేదా రెండూ. పాత ఐపీసీలో జంతువు ఖరీదు 10 రూపాయలా 50 రూపాయలా అని లెక్క ఉండేది, ఇందులో ఆ లెక్క తీసేశారు. ఇది నేరుగా ఎఫ్‌ఐఆర్ అయ్యే నేరం, మూడు నెలల గడువు కూడా దీనికి లేదు. డాక్టరు "శాశ్వతంగా" అని రాయడం ఎందుకు ముఖ్యమో ఇప్పుడు అర్థమైందా? కన్ను పోయిందని రాయించి ఉంటే కర్రోడి కేసు కూడా ఇందులోకే వచ్చేది.

వీధి కుక్కలకి ఒక చిక్కుంది. 325లో నేరం ఎవరికైనా నష్టం చేయాలన్న ఉద్దేశం మీదో, నష్టం జరుగుతుందని తెలిసే చేశాడన్నదాని మీదో నిలబడుతుంది, అవతలి వకీలు "ఎవరి కుక్కండీ, ఎవరికి నష్టం?" అంటాడు. అందుకని ఫిర్యాదులోనే ఎవరు అన్నం పెడుతున్నారు, టీకాలు ఎవరు వేయించారు, ఎన్నేళ్ళుగా వీధిలో ఉంది అన్నీ రాసేయండి. రెండు చట్టాలూ కలిపి పెట్టమనండి.

అడవి జంతువైతే దారే వేరు, ఫారెస్ట్ వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి, 1972 వన్యప్రాణి చట్టం. పక్కనే గంజాంలో భేట్నోయి వైపు కృష్ణజింకలు ఊళ్ళ మధ్య తిరుగుతాయి, అక్కడి రైతులు వాటిని శుభం అనుకుని చేలో పడినా తోలరు. అలాంటి దాన్ని చంపితే కనీసం 3 ఏళ్ళు, 7 ఏళ్ళ వరకు జైలు. మన ఆవుకీ ఆ జింకకీ నొప్పి ఒకటే కదా, చట్టంలో మాత్రం ఇంత తేడా.

5. స్టేషన్‌లో

ఆంధ్రాలో ఎస్సై, సీఐ అన్నట్టు ఇక్కడ స్టేషన్ పెద్దని ఐఐసీ అంటారు. ఒడియా రాకపోతే భయపడకండి, "ఆగ్యా" (మన "అండీ" లాంటిది) అని మొదలుపెట్టి వచ్చినంత మాట్లాడండి, మన జిల్లాలో తెలుగు అర్థమయ్యే వాళ్ళు స్టేషన్‌లో ఎవరో ఒకళ్ళు ఉంటారు. కానీ కాయితం మాత్రం ఇంట్లోనే ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయించుకుని వెళ్ళండి, రెండు కాపీలు. నోటితో చెప్పి వాళ్ళు రాస్తే మా కథే. వాళ్ళే రాస్తే చదివి వినిపించమనండి, అది చట్టంలోనే ఉంది. అర్థం కాకపోతే సంతకం పెట్టొద్దు.

మేం ఆవు కోసం రాసింది దాదాపు ఇలా ఉంది:

"ఫలానా తేదీ సాయంత్రం 4 గంటలకి మా ఆవు, ఎర్రది, వయసు 6 ఏళ్ళు, ఫలానా వారి తోటలోకి వెళ్ళగా ఆయన కత్తితో కుడి వెనక కాలి మీద కొట్టారు. ఇద్దరు చూశారు, పేర్లు ఇవి. కాలు శాశ్వతంగా పోయినట్టు ప్రభుత్వ డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను. బీఎన్ఎస్ 325, జంతుహింస నివారణ చట్టం సెక్షన్ 11 కింద కేసు నమోదు చేయమని మనవి."

చూశారుగా, తిట్లు లేవు, ఏడుపు లేదు.

తోటాయన "నా తోట పాడైంది, నాకెవరిస్తారు" అన్నాడు. ఆయన బాధా నిజమే. దానికి 1871 నుంచీ చట్టం ఉంది, పశువుని పట్టి బందిలదొడ్డిలో పెట్టించి నష్టం అడగొచ్చు. కత్తి ఎత్తే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఊళ్ళో దొడ్డి ఎప్పుడో పడిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

నేరం ఆంధ్రాలో పాతపట్నం వైపు జరిగి మీరు ఇటు పర్లాకిమిడిలో ఉన్నా "మా పరిధి కాదు" అని పంపేయకూడదు, జీరో ఎఫ్‌ఐఆర్ రాసి అటు పంపాలి. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి, నంబర్ లేని కాయితం ఇస్తే అది ఎఫ్‌ఐఆర్ కాదని గుర్తు. అసలు తీసుకోకపోతే ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి, ఆ రసీదు దాచుకోండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి. ఆడవాళ్ళకీ ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవా సంస్థ వకీల్ని ఫ్రీగా ఇస్తుంది, ఫోన్ 15100.

6. ఆ తర్వాత

90 రోజుల్లో దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో పోలీసులు మీకు చెప్పాలి, చెప్పకపోతే వెళ్ళి అడగండి. సాక్ష్యం లేదని మూసేస్తే కోర్టు నుంచి నోటీసు వస్తుంది, దాన్ని పక్కన పడేయకండి, కేసు మూసేయొద్దని ప్రొటెస్ట్ పిటిషన్ వేయొచ్చు. హింసించింది సొంత యజమానే అయితే, శిక్ష పడ్డాక జంతువుని అతని దగ్గర్నుంచి తీసేయమని కోర్టుని అడగొచ్చు, 1960 చట్టంలో సెక్షన్ 29 ఉంది దానికోసమే.

సాక్షుల్ని కాపాడుకోవడమే అన్నిటికన్నా కష్టం. ఆవు కేసులో చూసిన ఇద్దరిలో ఒకాయన అప్పుడే మెత్తబడిపోయాడు, తోటాయన కూతురి పెళ్ళికి వెళ్ళి భోంచేసి వచ్చాడట. పెదనాన్న "ఏటి చేస్తాం, ఊళ్ళో బతకాలి కదే వాడూ" అంటున్నారు. నేను మాత్రం రెండో ఆయన ఇంటికి పండక్కి అరిసెలు పంపిస్తున్నా.

ఆవు కేసు వాయిదా రథయాత్ర తర్వాతకి పడింది. కర్రోడు ఒంటికన్నుతోనే ఆ బండికి పది గజాల అవతల పడుకుంటున్నాడు, గరిటె చప్పుడైతే లేచి వెళ్ళిపోతాడు.